ఎలుకల ప్లేహౌస్ కిట్ కొంటున్నారా? ఆ చెక్క ఏమిటో తేలాకే డబ్బు కట్టండి

ఇంట్లో ఎలుకలు పెంచుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. "ముక్కలు మేం పంపుతాం, మీరే బిగించుకోండి" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చెక్క ప్లేహౌస్ కిట్‌లు తెప్పించుకునే ముందు ఇది చదవండి. ఇప్పటికే తెప్పించి బోనులో పెట్టి ఉంటే, మీ ఎలుకలు తుమ్ముతూ ఉంటే, ముందు దాన్ని తీసి బయట పెట్టండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

మా ఇంట్లో రెండు ఆడ ఎలుకలు, మల్లి, చుక్కి. ఎలుకలకి తిండి ఎంత అవసరమో ఎక్కడానికి, దూరడానికి, దాక్కోవడానికి చోటు కూడా అంతే అవసరం. ఖాళీ బోనులో ఉంచితే దిగులుగా ఓ మూల కూర్చుండిపోతాయి. అందుకే మా అమ్మాయి, నేను కలిసి వాటికో మేడ ఇల్లు కట్టాలనుకున్నాం. రంపం, డ్రిల్ మా ఇంట్లో లేవు. కోసిన ముక్కలు, స్క్రూలు అన్నీ వచ్చే కిట్ దొరికింది, ధర 1,800 రూపాయలు. పేజీలో "నాచురల్ పైన్‌వుడ్, నాన్ టాక్సిక్, ఎలుకలు, హ్యామ్‌స్టర్లు, గినీ పిగ్‌లకి సరిపోతుంది" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఫొటోల్లో మూడు అంతస్తులు, నిచ్చెన, కిటికీలు, చిన్న ఊయల. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

పెట్టె విప్పగానే ఘాటు వాసన. కొత్త కంప్యూటర్ టేబుల్ కొన్నప్పుడు గదంతా పట్టేస్తుందే, అలాంటి వాసన. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. "కొత్త చెక్క కదండీ, రెండ్రోజులు గాలికి పెట్టండి, పోతుంది" అన్నారు. బాల్కనీలో అంతకంటే ఎక్కువ రోజులే పెట్టాం. మా ముక్కులకి తెలియనంతగా తగ్గింది. అప్పుడే బిగించి బోనులో పెట్టాం.

ఎలుకల పని కొరకడమే. వాటి ముందుపళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి 10 సెంటీమీటర్లకి పైనే. కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. మల్లి మొదటి రాత్రే కిటికీ అంచు కొరికింది. పొద్దున చూస్తే ఆ కొరికిన చోట చెక్క చారలు లేవు. గోధుమ రంగు పొడిని నొక్కి బిగించినట్టు అంతా ఒకే ముద్ద. గోరుతో గీకితే పొట్టులా రాలింది. పక్కనే పైపొరని పట్టి లాగితే సర్రున లేచొచ్చింది. అది కాగితం! చెక్క చారలు అచ్చువేసిన కాగితాన్ని పైన అతికించి, పైన్‌వుడ్ అని అమ్మారు. కిందున్నది ఎండీఎఫ్.

ఎండీఎఫ్ అంటే చెక్క పీచుని జిగురు కలిపి వేడి మీద నొక్కి చేసే పలక. అందులో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఆ పలక నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెమ్మదిగా, నెలల తరబడి వస్తూనే ఉంటుంది. ఎండ ముదిరినా, గాలిలో తేమ పెరిగినా ఇంకా ఎక్కువ వస్తుంది. మన ఊళ్లలో ఈ రెండింటికీ కొదవ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. మనం ఎండీఎఫ్ టేబుల్ దగ్గర కాసేపు కూర్చుని లేచిపోతాం. ఎలుక ఆ పెట్టె లోపలే ముడుచుకుని పగలంతా నిద్రపోతుంది, ముక్కు గోడకి ఆనించి. పైగా ఎలుకలు మామూలుగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి, మనలా నోటితో పీల్చుకోవడం వాటికి దాదాపు చేతకాదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఎలుకలకి వాంతి చేసుకునే శక్తి లేదు. కొరికి మింగింది ఏదైనా వెనక్కి కక్కలేవు.

కొద్ది రోజులకే తుమ్ములు మొదలయ్యాయి. ముందు చుక్కికి, తర్వాత మల్లికి కూడా. చుక్కి ముక్కు చుట్టూ, కంటి కొసల్లో ఎర్రటి మరక. మా అమ్మాయి రక్తం అనుకుని ఏడ్చేసింది. అది రక్తం కాదు, పార్ఫిరిన్ అనే ఎర్రటి స్రావం. ఎలుకకి ఒంట్లో బాగోలేకపోయినా, టెన్షన్‌లో ఉన్నా కంటి వెనకున్న గ్రంథి నుంచి అది ఎక్కువగా వస్తుంది. ఎక్కడో ఒక చుక్క అప్పుడప్పుడు కనబడితే ఫరవాలేదు గానీ, తుమ్ములతో కలిసి రోజూ కనబడితే తేలిగ్గా తీసుకోకూడదు.

ఎలుకని చూసే డాక్టర్ దొరకడం ఎంత కష్టమో పెంచేవాళ్లకి తెలుసు. కుక్కలు, పిల్లుల క్లినిక్‌లు నాలుగైదు చోట్ల "మేం చూడం" అన్నాక, పక్షుల్నీ కుందేళ్లనీ చూసే ఒక డాక్టరమ్మ దొరికారు. ఛాతీ మీద చిన్న స్టెతస్కోప్ పెట్టి విన్నారు. పెంపుడు ఎలుకల్లో చాలావాటి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ముందునుంచే ఉంటుందనీ, మామూలుగా అది అణిగి ఉంటుందనీ, ముక్కుకి ఘాటు తగిలితే అది రెచ్చిపోతుందనీ చెప్పారు. "ఈ చెక్క వల్లే వచ్చిందని పరీక్ష చేసి కాగితం మీద రాసివ్వలేను, కానీ ఆ ఇల్లు మాత్రం ఈరోజే తీసేయండి" అన్నారు. యాంటీబయాటిక్ రాశారు. ఇల్లు తీసేసి, మందు వేశాక చుక్కి తేరుకుంది. మల్లికి మాత్రం ఇప్పటికీ రాత్రిళ్లు తుమ్ములు వస్తున్నాయి. ఎలుక ఆయుష్షే రెండు మూడేళ్లు. అందులో ఇన్ని వారాలు బాధపడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నాకు కోపం 1,800 రూపాయల గురించి కాదు.

ఆ కిట్‌లో తప్పు చెక్క ఒక్కటే కాదు. ద్వారాలన్నీ చిన్న హ్యామ్‌స్టర్ కొలతకి కోసినవి. ఎదిగిన ఎలుక సుఖంగా దూరి వెనక్కి తిరగాలంటే కన్నం 3 అంగుళాలు ఉండాలి, బొద్దుగా ఉండే మగ ఎలుకలకి ఇంకాస్త ఎక్కువే కావాలి. ఇందులో ఉన్నది 2 అంగుళాల లోపు. చుక్కి నడుము దగ్గర ఇరుక్కుని కీచుమంది. రెండో అంతస్తు నేల ఇనప జాలీ. దాని మీద తిరిగితే అరికాళ్లు ఒరుసుకుని పుండ్లు పడే ప్రమాదం ఉంది, బంబుల్‌ఫుట్ అంటారు, ఒకసారి పట్టిందంటే తగ్గడం చాలా కష్టం. ఆ జాలీని కొట్టిన స్టేపుల్ పిన్నుల కొసలు కింది అంతస్తు కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. సరిగ్గా ఎలుక వీపు తగిలేచోట. ఇది తయారు చేసినవాళ్లు ఎలుకని ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని ఉంటారని నేననుకోను.

అంచులకి ఏ పూతా లేదు. ఎలుకలు నడిచినచోటల్లా చుక్కచుక్కగా మూత్రం విడుస్తాయి, అది వాటి స్వభావం. పూత లేని పలక దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, అందులోంచి అమ్మోనియా లేస్తుంది. ఆ అమ్మోనియా మళ్లీ అదే ఊపిరితిత్తులకి దెబ్బ.

సెల్లర్‌కి ఫొటోలన్నీ పంపి డబ్బు వాపసు అడిగితే వచ్చిన జవాబు: "బిగించిన ప్రొడక్ట్‌కి రిటర్న్ లేదు." బిగించకుండా దేనికి పనికొస్తుంది కిట్? ఇంకోసారి అడిగితే కూపన్ ఇస్తాం అన్నారు. అదే దుకాణంలో వాడుకోవాలట.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన రూల్ ఒకటుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. "నో రిటర్న్" అని పేజీలో రాసుకున్నా అది చెల్లదు. పైన్ అని చెప్పి ఎండీఎఫ్ పంపడం అచ్చంగా ఇదే కేసు. ప్లాట్‌ఫామ్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒకరు ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఈ మాటలు రాసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాక గానీ వాళ్లలో కదలిక రాలేదు. అప్పటిదాకా ప్రతిసారీ కొత్త మనిషి లైన్లోకి రావడం, మొదటినుంచీ మళ్లీ చెప్పుకోవడం.

ఇలాంటి కిట్ కొనే ఉద్దేశం ఉంటే, డబ్బు కట్టే ముందు ముక్కల అంచు ఫొటో అడగండి. ముఖం వైపు ఫొటో కాదు, అంచు. అసలు చెక్క అయితే చారలు అంచు దాకా వస్తాయి. ప్లైవుడ్ అయితే పొరలు కనిపిస్తాయి. ఎండీఎఫ్ అయితే ఏ గీతా లేని ముద్ద. "ఇంజినీర్డ్ వుడ్", "ఎకో వుడ్" లాంటి పేర్లు కనబడితే చాలాసార్లు ఎండీఎఫో, రంపపు పొట్టు పలకో అనే అర్థం. ద్వారం కొలత అంగుళాల్లో చెప్పమనండి. ఫొటోలో ఇంటి లోపల హ్యామ్‌స్టరే ఉండి, ఎలుక ఒక్క ఫొటోలోనూ లేకపోతే అక్కడే ఆగిపోండి. జవాబు ఫోన్లో వద్దు, చాట్‌లో రాయించుకోండి. పేజీ స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టిన రోజే తీసి దాచండి. మేం ఫిర్యాదు పెట్టాక వాళ్లు "నాచురల్" అన్న మాట చడీచప్పుడు లేకుండా తీసేశారు.

కార్పెంటర్ దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చి కట్టుకుంటాం అనేవాళ్లు కూడా చూసుకోవాలి. మామూలు ప్లైవుడ్‌లోనూ అదే జాతి జిగురు ఉంటుంది, దానికి తోడు మన దగ్గర అమ్మే చాలా రకాలకి చెదపురుగు మందు కలుపుతారు. మనింటి అల్మరాకి అది మంచిదే, కొరికే జీవికి విషం. దిగుమతి సామాన్లతో వచ్చే ప్యాలెట్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, దాన్ని ముట్టుకోవద్దు. దేవదారు పొట్టు, ఆరబెట్టని పచ్చి పైన్ పొట్టు కూడా పరుపుగా వెయ్యొద్దు, వాటి ఘాటు నూనెలు ఊపిరికి మంచివి కావు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న మేడకి అయిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. కిరాణా కొట్టులో అడిగి తెచ్చిన గోధుమ రంగు అట్టపెట్టెలు, రంగులు అచ్చువేయనివి. టేపు, లేబుళ్లు, పిన్నులు అన్నీ పీకేసి, మైదా ఉడికించిన బంకతో అతికించాం. కొరికి మింగినా భయం లేదు. ఒక అంతస్తు నుంచి ఇంకోదానికి 3 అంగుళాల పీవీసీ పైపు, మలుపులో ఎల్బో. రంపం లేదుగా, హార్డ్‌వేర్ షాపులోనే కోయించి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దాం. కింద అడ్డంగా పడుకోబెట్టిన మట్టి కుండ. ఎలుకలకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడిలో కొంత తోకలోంచే పోవాలి. మే నెలలో మధ్యాహ్నం ఆ కుండ చల్లదనం వాటికి ప్రాణం. ఊయలకి ఫ్లీస్ గుడ్డ కట్టండి, టర్కీ టవల్ మాత్రం వద్దు, ఆ పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. అట్ట మూత్రంతో తడిసిందంటే పారేసి కొత్త పెట్టె పెట్టాలి. ఆ పని చుక్కికి మహా ఇష్టం, కొత్త పెట్టె పెట్టిన గంటకే దానికి నచ్చినచోట ఇంకో ద్వారం తీసేస్తుంది.

మీ ఎలుక ఊపిరి తీసుకున్నప్పుడు డొక్కలు ఎగిరెగిరి పడుతున్నా, నోరు తెరిచి ఆయాసపడుతున్నా, తిండి మానేసినా పొద్దున దాకా ఆగొద్దు. అది అప్పటికప్పుడు డాక్టర్ చూడాల్సిన పరిస్థితి.

చివరికి మా డబ్బు వెనక్కి వచ్చింది, డాక్టర్ ఖర్చు మాత్రం ఇవ్వలేదు. అదే కిట్ వేరే పేరుతో, అవే ఫొటోలతో ఇంకా అమ్ముతున్నారు. మీరూ కొని మోసపోయి ఉంటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. కిట్ ముక్కలు పారేయకండి. అంచు కనబడేలా విరిగిన ముక్క ఒకటి, బిల్లు, పేజీ స్క్రీన్‌షాట్, డాక్టర్ చీటీ, ఈ నాలుగూ ఒకచోట పెట్టుకోండి. ఒక్కరు ఫిర్యాదు చేస్తే వాళ్లు డబ్బిచ్చి నోరు మూయిస్తున్నారు. పదిమంది చేస్తే ఆ పేజీ తీయక తప్పదు.