గుంటూరు ప్రయోగశాలలో ఐఆర్‌ఎఫ్‌పీ713 ప్లాస్మిడ్ పనితీరు
అగర్ అనే జెల్లీలో గుచ్చిన బ్యాక్టీరియా రూపంలో మా గుంటూరు ప్రయోగశాలకు చేరిన ఐఆర్‌ఎఫ్‌పీ713 ప్లాస్మిడ్ (కంటికి దాదాపు కనిపించని సమీప పరారుణ కాంతితో వెలిగే ప్రోటీన్ జన్యువును మోసే వలయాకార డీఎన్‌ఏ), దారిలో ఇక్కడి ఎండను తట్టుకుని, ప్లేటుపై గీసిన మర్నాటికే విడివిడి కాలనీలుగా పెరిగింది. 690 నానోమీటర్ల కాంతిని గ్రహించి 713 వద్ద వెలిగే ఈ ప్రోటీన్‌కు వెలగడానికి కావలసిన బిలివర్డిన్ అనే వర్ణకం క్షీరద కణాల్లో సహజంగానే ఉంటుంది కనుక, హెలా కణాలకు (ప్రయోగశాలల్లో పెంచే మానవ కణాలు) విడిగా ఏదీ కలపవలసిన అవసరం రాలేదు. ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్ సంకేతంతో కలగాపులగం కాకపోవడం, కణాల సొంత మెరుపు దాదాపు అడ్డురాకపోవడం దీని అసలు బలం. ఈ. కోలై బ్యాక్టీరియాలోనైతే బిలివర్డిన్‌ను తయారుచేసే హీమ్ ఆక్సిజనేజ్ ఎంజైమ్ జన్యువును కూడా చేర్చాలి. సూక్ష్మదర్శిని ఐపీస్‌లోంచి కంటితో వెతికేవారికి మాత్రం చీకటే కనిపిస్తుంది. ఈ కాంతిని పట్టగల కెమెరా, తగిన ఫిల్టరు లేని విభాగానికి ఇది దండగ. పైగా ఇది జంటలుగా అతుక్కునే ప్రోటీన్ కాబట్టి, మరో ప్రోటీన్‌కు తగిలించి చూడదలచినవారు ఒంటిగా ఉండే ఎంఐఆర్‌ఎఫ్‌పీ670ను తెప్పించుకోవడమే మేలు.