జాగ్రత్త: ‘డేటా సఫిషియెన్సీ షార్ట్‌కట్స్’ కోర్సు కొనేముందు ఇది చదవండి

ఎంబీఏ సీట్ల కోసం రాసే జీమ్యాట్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నవాళ్ల కోసం ఈ పోస్ట్. అందులో డేటా సఫిషియెన్సీ అని ఒక రకం ప్రశ్నలుంటాయి: ఒక ప్రశ్న, రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు, జవాబు చెప్పడానికి ఆ సమాచారం సరిపోతుందా లేదా అన్నది తేల్చాలి. డేటా సఫిషియెన్సీ ఒక్కదానికే విడిగా అమ్ముతున్న ఒక ఆన్‌లైన్ కోర్సుకి 14,500 రూపాయలు కట్టాను. పేరు చెప్పి లాభం లేదు. వాళ్లు ఇప్పటికే ఒకసారి పేజీ పేరు మార్చారు, రేపు ఇంకో పేరుతో వస్తారు. అందుకే సరుకుని ఎలా గుర్తుపట్టాలో చెప్తాను.

మొదటి సంగతి, వీడియోలు పాతవి. జీమ్యాట్ 2023 నవంబర్‌లో మారింది, 2024 మొదట్లో పాత పరీక్ష ఆగిపోయింది. ఇప్పుడు డేటా సఫిషియెన్సీ క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో లేదు, డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లోకి వెళ్లింది. అక్కడ 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, స్క్రీన్ మీద కాలిక్యులేటర్ ఉంటుంది, లెక్కలతో సంబంధం లేని సఫిషియెన్సీ ప్రశ్నలు కూడా రావచ్చు. జామెట్రీ తీసేశారు. నాకు అమ్మిన కోర్సులో మాత్రం త్రిభుజాలు, వృత్తాల మీదే గంటలకొద్దీ క్లాసులు. స్కోరు ఇప్పుడు 205 నుంచి 805 వరకు ఉంటే, వాళ్ల సారు ఇంకా 200 నుంచి 800 అనే చెప్తున్నారు. పైన ‘లేటెస్ట్ ప్యాటర్న్’ అని స్టిక్కర్ వేశారంతే.

పాతదైతే సర్దుకోవచ్చు. నేర్పేదే తప్పయితే ఏం చేస్తాం? వాళ్ల ప్రధాన సూత్రం ఇది: ‘తెలియని విలువలు రెండుంటే సమీకరణాలు రెండు కావాలి, కళ్లు మూసుకుని సి పెట్టేయండి.’ సి అంటే రెండు స్టేట్‌మెంట్లూ కలిస్తేనే సరిపోతాయి, విడివిడిగా చాలవు అని. ఈ ప్రశ్న చూడండి. రవి 7 రూపాయల పెన్నులు కొన్ని, 11 రూపాయల నోట్‌బుక్కులు కొన్ని కొన్నాడు. పెన్నులెన్ని? ఒకటో స్టేట్‌మెంట్: మొత్తం ఖర్చు 58 రూపాయలు. రెండోది: మొత్తం వస్తువులు 6.

కోర్సు సూత్రం ప్రకారం సి. కానీ పెన్నులు సగం సగం కొనలేం కదా. నోట్‌బుక్కులు 0, 1, 2, 3, 4, 5 అని వరసగా వేసి చూడండి. మిగిలిన డబ్బు 7తో భాగించబడేది 4 దగ్గరే: 58లోంచి 44 పోతే 14, అంటే 2 పెన్నులు. ఒకటో స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. రెండోది ఒక్కటే అయితే చాలదు. కాబట్టి సరైన జవాబు ‘ఏ’ ఆప్షన్, అంటే ఒకటోది మాత్రమే సరిపోతుంది అని. పరీక్ష పెట్టేవాళ్లకి జనం సి వైపు పరిగెత్తుతారని బాగా తెలుసు, సరిగ్గా అక్కడే వల వేస్తారు. అంటే ఆ వలలో ఎలా పడాలో డబ్బు తీసుకుని మరీ నేర్పుతున్నారన్నమాట. దీనికి తిరగేసిన తప్పూ ఉంది: రెండో సమీకరణం మొదటిదాన్నే రెండుతో గుణించి రాసినదైతే, రెండూ ఉన్నా కొత్తగా ఏమీ తెలియదు. అక్కడ కూడా వీళ్ల జవాబు సి.

వాళ్ల ప్రాక్టీస్ పీడీఎఫ్‌లో కీ ఇంకా దారుణం. ‘ఎన్ ప్రధాన సంఖ్యేనా?’ అని ప్రశ్న, ‘ఎన్ 2 కంటే పెద్ద సరి సంఖ్య’ అని స్టేట్‌మెంట్. అలాంటి సంఖ్య ఎప్పటికీ ప్రధాన సంఖ్య కాదు, కాబట్టి జవాబు ఖాయంగా ‘కాదు’. ఖాయమైన ‘కాదు’ వచ్చినా సమాచారం సరిపోయినట్టే. కీలో మాత్రం ‘సరిపోదు’ అని ఉంది. అడిగితే, ‘జవాబు నో వచ్చింది కదా మేడమ్’ అన్నారు! డేటా సఫిషియెన్సీలో ఇది మొదటి రోజు పాఠం.

ఇంకో గుర్తు: వాళ్ల ప్రశ్నల్లో రెండు స్టేట్‌మెంట్లూ ఒకదానికొకటి పొసగవు. ఒకదాని ప్రకారం ఎక్స్ 2 గానీ 3 గానీ కావాలి, రెండోదాని ప్రకారం 5. అసలు పరీక్షలో స్టేట్‌మెంట్లు రెండూ నిజమే, కాబట్టి ఎప్పుడూ కొట్టుకోవు. డెమోలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి కనిపించినా అక్కడితో ఆపేయండి.

అన్నిటికంటే భయపడాల్సింది ఇది. ఫీజు కట్టాక ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, ‘నిన్న పరీక్షలో వచ్చిన ప్రశ్నలు’ అంటూ ఫైళ్లు పెడుతున్నారు. అవి నిజమైనవో కాదో తర్వాత, అసలు వాటి జోలికే పోవద్దు. స్కోర్‌టాప్ అనే వెబ్‌సైట్ ఇలాగే నడిస్తే, జీమ్యాట్ నిర్వహించే జీమ్యాక్ సంస్థ అమెరికాలో కోర్టుకెళ్లి 2008లో గెలిచింది. ఆ సైట్ వాడుకున్న కొందరి స్కోర్లు కూడా రద్దు చేసింది. ఐఎస్‌బీకో, విదేశీ కాలేజీకో అప్లై చేస్తున్న టైమ్‌లో ఆ టెన్షన్ మనకెందుకు? నేను చూడగానే గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

రిఫండ్ సంగతి. ‘నచ్చకపోతే డబ్బు వాపస్’ అన్నారు. అడిగాక తెలిసిన షరతు: అన్ని లైవ్ క్లాసులకూ హాజరై ఉండాలి. అన్నీ విన్నాక వాపస్ ఏంటో! డబ్బు వ్యక్తిగత యూపీఐకి కట్టించుకున్నారు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు. వాపస్ షరతులు ముందే రాతపూర్వకంగా ఇవ్వకపోయినా, బిల్లు రాదన్నా కట్టొద్దు.

కొనక్కర్లేకుండానే దొరికేవి ఉన్నాయి. ఎంబీఏ డాట్ కామ్‌లో అకౌంట్ తెరిస్తే రెండు పూర్తి అఫీషియల్ మాక్ టెస్టులు ఉచితం. పద్ధతికి కూడా రహస్యమేమీ లేదు. అడిగింది విలువా, అవునా కాదా అన్నదా ముందు తేల్చుకోండి. ఒకటో స్టేట్‌మెంట్ చూశాక దాన్ని పూర్తిగా పక్కనపెట్టి రెండోది చదవండి. చాలామంది మార్కులు పోయేది ఇక్కడే, మొదటిది తెలియకుండానే బుర్రలో ఉండిపోతుంది. పూర్ణాంకం అని చెప్పకపోతే సున్నా, రుణ సంఖ్య, భిన్నం వేసి చూడండి. సరిపోతుందని తేలాక చివరిదాకా లెక్క కట్టక్కర్లేదు.

ఇప్పటికే కట్టినవాళ్లు ప్రకటన, చాట్‌లు, పేమెంట్ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ కూడా పెట్టొచ్చు. నేను కంప్లైంట్ ఇచ్చాను, డబ్బు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే చెప్తాను.