స్టాఫ్ రూం గోడకు ఏ నియమావళి మేలు?

జూన్‌లో బడి తెరవడానికి వారం ముందు మా ప్రిన్సిపల్ మేడం అడిగారు: "టీచర్ల ప్రవర్తనా నియమాలు స్టాఫ్ రూంలో పెట్టాలి. ప్రభుత్వం రాసినవి పెడదామా, మనమే రాసుకుందామా? లెక్కల సార్ కదా, మీరే తూచి చెప్పండి."

మలక్‌పేట వైపు ఒక ఇరుకు సందులో ఉన్న చిన్న ప్రైవేటు పాఠశాల మాది. పద్నాలుగు మంది టీచర్లం. ఆ వారమంతా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు దొరికినవి 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టి తెలంగాణలోనూ కొనసాగుతున్నాయి. కానుకలు, ఆస్తుల వివరాలు, అనుమతి లేని వ్యాపారం, రాజకీయాలు, వాటి లోకమంతా ఇదే. తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తాకు ఏ నియమమో సర్కారు బడిలో పంతులుకూ అదే. ఉద్యోగి ప్రభుత్వంతో ఎలా మసలుకోవాలో అవి చెప్తాయి. ఏడేళ్ల పిల్లతో ఎలా మాట్లాడాలో చెప్పవు. పైగా మా ప్రైవేటు వాళ్లకు వర్తించవు. పక్కన పెట్టేశాను.

టీచర్ల చదువును, శిక్షణను చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2010లో తెచ్చిన వృత్తి నైతిక నియమావళి చదువుతుంటే ముచ్చటేసింది. కులం, మతం, భాష, ఇంటి స్తోమత చూడకుండా పిల్లలందరినీ ఒకేలా చూడాలంటుంది. పిల్లల గుట్టు సంబంధం లేనివారి ముందు విప్పవద్దంటుంది. కన్నవాళ్ల మీద పిల్లలకున్న గౌరవం తగ్గే పని చేయవద్దంటుంది. "మీ నాన్న చదువుకోలేదు కాబట్టే నువ్విలా ఉన్నావు" అని నోరు జారని టీచరు మాలో ఎంతమంది? చిక్కల్లా ఒకటే. ఆ మాట తప్పినవారిని నిలదీసే అధికారి ఆ కాగితంలో లేడు. పటం కట్టి తగిలిస్తే అందంగా ఉంటుంది.

చట్టానికి అందం లేదు, కోరలున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని దాచిపెట్టిన యాజమాన్యం కూడా శిక్షకు లోనవుతుంది. ఇలాంటి విషయాల్లో "మనలో మనం మాట్లాడుకుందాం" అనే స్టాఫ్ రూం మర్యాదకు చోటే ఉండకూడదు.

అయితే బడిలో రోజూ జరిగే తప్పులు చట్టం కంట పడేంత పెద్దవి కావు. నిరుడు మా టీచరొకరు ఏడో తరగతి మార్కుల పట్టీని ఫోనుతో ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, పని త్వరగా తెమిలిపోతుందని అంతే. అందులో ఒక అమ్మాయికి ఇరవై అయిదుకు నాలుగు. ఎవరో తల్లి కింద నవ్వే బొమ్మ పెట్టింది. ఆ పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. అప్పటిదాకా రెండో బెంచీ ఆమెది.

దీనికి ఏ సెక్షన్ వెతకాలి? మా టీచర్లమంతా కూర్చుని సొంతంగా రాసుకున్న పదకొండు వాక్యాల్లో మొదటిది అక్కడే పుట్టింది: "ఎవరి మార్కులు వారి ఇంటికే చెప్తాం, గ్రూపులో పెట్టం." ఆ ఫొటో పెట్టిన టీచరే ఈ వాక్యం చెప్పారు. ఎన్‌సీటీఈ వారి 'గోప్యత' కన్నా ఈ వాక్యమే మా వాళ్లకు గుర్తుంటుంది. ఉపాధ్యాయ దినోత్సవానికి పువ్వు తప్ప ఏదీ తీసుకోకూడదన్నది కూడా అలాగే, రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు.

ఇక్కడిదాకా నా తూకం మా సొంత కాగితం వైపే మొగ్గింది. ట్యూషన్ల దగ్గర తలకిందులైంది.

విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఏ టీచరూ ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. ఎన్‌సీటీఈ నియమావళి కొంత మెత్తన: తన విద్యార్థుల దగ్గరే డబ్బు తీసుకుని చెప్పవద్దంటుంది. మా సమావేశంలో హిందీ టీచర్ లేచి, "ట్యూషన్ మానేస్తే ఇంటి అద్దె మీరు కడతారా సార్?" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. మా జీతాలు మాకు తెలుసు. చివరికి కాగితం మీదికి ఎక్కిన వాక్యం ఇది: "పరీక్షల నెలలో మన తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పం." మిగతా నెలల సంగతి ఎవరూ ఎత్తలేదు. క్లాసులో సగం చెప్పి మిగతా సగం ఇంట్లో అమ్మే అలవాటుకు అదే పెద్ద తలుపు.

కాబట్టి మేడంకు ఇచ్చిన జవాబు ఇదీ: మాట తీరు, మార్కులు, ఫోను, కానుకలు, వీటికి మనం రాసుకున్నదే మేలు. పిల్లల ఒంటికి సంబంధించిన చోట, మన జేబుకు సంబంధించిన చోట చట్టం మాటను ఉన్నదున్నట్టుగా దించుకోవాలి. అక్కడ మన కలం మీద మనకే నమ్మకం ఉండకూడదు. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో అడుగున పేరు కూడా రాయాలి, అది లేకపోతే మనదీ పటమే అవుతుంది.

మేడం అంతా చదివి, ట్యూషన్ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. "దీన్ని మార్చమని రేపు సమావేశంలో మీరే చెప్పండి" అన్నారు. సాయంత్రాలు మా ఇంటికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు లెక్కలకు వస్తారని ఆమెకు తెలుసు.