ఓల్సన్ అని వెతికితే ఓల్సన్ దొరకడు: నార్వే డిజిటల్‌ఆర్కివెట్ సైటు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ సైటుకి ఒక్క పైసా కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, కనీసం ఈమెయిల్ కూడా అడగరు. నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళు నడుపుతున్నారు, 1998 నుంచి ఉంది. జనాభా లెక్కల పుస్తకాలు, చర్చి రిజిస్టర్లు, ఓడెక్కి వెళ్ళిపోయినవాళ్ళ జాబితాలు, అన్నీ స్కాన్ చేసి పెట్టారు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, పాత అడంగళ్ళ నకలు కోసం జనం ఎన్ని చెప్పులు అరగదీస్తారో దగ్గరుండి చూసినవాణ్ణి, కాబట్టి ఈ సైటు చూసి నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. అయితే వీళ్ళ పేర్ల పద్ధతి తెలియకుండా ఇందులో దిగితే మాత్రం గంటలకి గంటలు గడిచిపోతాయి, ఒక్క ముక్క చేతికి రాదు.

నాకెందుకు ఈ గొడవ అంటే, మా కోడలిది మిన్నెసోటా, వాళ్ళ ఇంటిపేరు ఓల్సన్. పెళ్ళయ్యాక మా వియ్యంకుడుగారు నన్ను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న, "మీరు మీ వంశం ఏడు తరాలు చెప్తారట కదా, మా ఓల్సన్ వంశం సంగతి ఏమైనా తేల్చగలరా" అని. ఆయన దగ్గరున్న ఆధారమల్లా వాళ్ళ నాయనమ్మ చెప్పిన ఒక లోయ పేరు, గుడ్‌బ్రాన్స్‌డాలెన్, దాంతోపాటు ఒక బైబిల్ మొదటి పేజీలో రాసున్న పుట్టినతేదీ. ఆ రెండూ ఉన్నాయి కాబట్టే పని జరిగింది, ఇంటిపేరు వల్ల జరగలేదు. ఎందుకంటే ఓల్సన్ వంశం అనేదే లేదు. అమెరికా వచ్చిన ఆ మొదటాయన తండ్రి పేరు ఓలె, అంతే. ఓలె కొడుకు కాబట్టి ఓల్సెన్, అక్కడి గుమాస్తాల చేతిలో పడి ఓల్సన్. ఆ తండ్రిని ఎవరూ ఓల్సెన్ అనలేదు, తాతనైతే అన్నారు. ఎలాగో చెప్తాను.

పాత నార్వే పల్లెల్లో తండ్రి పేరుకి కొడుకైతే సెన్, కూతురైతే డాటర్ తగిలించేవాళ్ళు. ఆడవాళ్ళు పెళ్ళయినా పేరు మార్చుకునేవాళ్ళు కాదు, ఎవరి తండ్రి పేరు వాళ్ళదే. 1865 జనాభా లెక్కల్లో ఒక ఇంటి పేజీ తీయండి (మా వాళ్ళ అసలు పేర్లు రాయను, మచ్చుకి అనుకుందాం): ఇంటి యజమాని ఓలె ఆండర్సెన్, భార్య మారిట్ లార్స్‌డాటర్, కొడుకు ఆండర్స్ ఓల్సెన్, కూతురు కారి ఓల్స్‌డాటర్, ఇంట్లోనే ఉంటున్న భార్య తల్లి ఇంకేదో డాటర్. ఒకే కప్పు కింద ఐదుగురు, ఐదు రకాల చివరిపేర్లు. కొత్తగా చూసేవాడు ఇదేదో హాస్టల్ అనుకుంటాడు.

దీనికి తోడు ఇంకో ఆచారం, ఇది మాత్రం మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: పెద్దకొడుక్కి తండ్రి తరఫు తాత పేరు, రెండోవాడికి సాధారణంగా తల్లి తరఫు తాత పేరు. అంటే ఆండర్స్ ఓల్సెన్ కొడుకు ఓలె ఆండర్సెన్, వాడి కొడుకు మళ్ళీ ఆండర్స్ ఓల్సెన్, వాడి కొడుకు మళ్ళీ ఓలె ఆండర్సెన్. తాతకీ మనవడికీ పేరు మొత్తం అచ్చుగుద్దినట్టు ఒకటే. పసిబిడ్డ పోతే తరవాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవాళ్ళు, కాబట్టి ఒకే తల్లిదండ్రులకి ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు కనపడితే రిజిస్టరులో తప్పుందని కంగారుపడకండి, మరణాల పేజీ కూడా తీసి చూడండి.

అందుకే వెతకడంలో చివరిపేరు పెట్టె ఖాళీగా వదిలేయమని నా సలహా. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్ళి మొదటిపేరు, పుట్టిన సంవత్సరం, పారిష్ (అంటే చర్చి పరిధి) ఇవ్వండి, తేదీ తెలిస్తే తేదీ కూడా. స్పెల్లింగు మీద పట్టుదలకి పోవద్దు. ఒకాయన కార్ల్ అని సి తో రాస్తే ఇంకొకాయన కె తో రాశాడు, డాటర్ అనేదాన్ని సగం మంది ఒక్క డి అక్షరం పెట్టి వదిలేశారు, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు. నక్షత్రం గుర్తు వాడుకోండి, మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి స్టార్ పెడితే మిగతా రకాలన్నీ అదే లాక్కొస్తుంది.

మనిషి దొరికాక అసలు మజా స్కాన్ పేజీలో ఉంది. 1865 లెక్కల్లో మనుషులతో పాటు ఆ ఇంటి పశువులు కూడా ఉంటాయి. గుర్రాలెన్ని, ఆవులెన్ని, గొర్రెలెన్ని, మేకలెన్ని, ఆ ఏడాది బార్లీ ఎంత విత్తారు, ఓట్స్ ధాన్యం ఎంత, బంగాళాదుంపలు ఎంత, అన్నిటికీ కాలమ్స్. మా వియ్యంకుడుగారి పూర్వీకుడి ఇంట్లో గుర్రం గడి ఖాళీ. రెండు ఆవులు, కాసిని గొర్రెలు, బంగాళాదుంపల విత్తనం. పక్కనే హోదా దగ్గర హుస్మాన్ అని రాసుంది, అంటే సొంత భూమి లేక పెద్ద రైతు స్థలంలో గుడిసె వేసుకుని, దానికి బదులు ఆ రైతు దగ్గర పని చేసేవాడు. ఆయన కొడుకు ఓడెందుకు ఎక్కాడో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. వియ్యంకుడుగారు మాత్రం ఆ ఖాళీ గడి వైపు చాలాసేపు చూశారు, వాళ్ళది పెద్ద గుర్రాల కుటుంబమని ఇంట్లో చెప్పుకునేవాళ్ళట.

ఇక మూడో పేరు సంగతి. సెన్, డాటర్ పేర్లకి వెనక ఉంటున్న పొలం పేరు కూడా రాసేవాళ్ళు, హౌగెన్, బాకెన్, మూయెన్ ఇలాంటివి. మనకి కూడా ఊళ్ళ పేర్లతో ఇంటిపేర్లు బోలెడు, కానీ మనం ఊరు వదిలి నాలుగు తరాలైనా ఇంటిపేరు మారదు. వాళ్ళకి పొలం మారితే పేరూ మారేది. అల్లుడు ఇల్లరికం వెళ్తే అత్తారి పొలం పేరు, కూలీకి వెళ్తే ఆ కూలి చేసే పొలం పేరు. అది పేరు కంటే అడ్రసు అనుకోవడం మేలు. దీనివల్ల వచ్చిన తమాషా ఏమిటంటే, ఒకే తల్లి పిల్లలు అమెరికా వెళ్ళి ఒకడు తండ్రి పేరు పట్టుకున్నాడు, ఇంకొకడు పొలం పేరు పట్టుకున్నాడు. మా వాళ్ళ కథ సరిగ్గా ఇదే. ఓల్సన్ తమ్ముడు అక్కడ హౌగెన్ అయ్యాడు. ఆ హౌగెన్ కుటుంబం మిన్నెసోటాలోనే ఉంది, ఒకరికొకరు అన్నదమ్ముల పిల్లలమని రెండు వైపులా తెలియదు. ఇది తేలింది కూడా ఈ సైటులోనే ఉన్న ఓడ ప్రయాణీకుల రిజిస్టర్ల వల్ల. 1867 నుంచి రేవుల్లో పోలీసులే వీటిని రాసేవాళ్ళు: పేరు, వయసు, ఏ పారిష్ నుంచి, ఎక్కడికి. పోలీసు రాత కదా, చర్చి రాత కన్నా చాలా నయం, చదవడానికి వీలుగా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కడుపుబ్బరం తగ్గదు. మా అబ్బాయి ముందుగా ఒక డబ్బులు తీసుకునే సైటుకి చందా కట్టాడు, పేరు అనవసరం. అది "మీ పూర్వీకుడు దొరికాడు" అని రోజుకొక సందేశం పంపుతుంది, నొక్కితే చాలు వంశవృక్షానికి కొమ్మ అతుక్కుంటుంది. అలా అతికించిన చెట్టులో తాత ఆండర్స్ ఓల్సెన్, మనవడు ఆండర్స్ ఓల్సెన్ కలిసిపోయి ఒకే మనిషి అయ్యారు, ఆ మనిషికి తొంభై దాటాక ముగ్గురు పిల్లలు. భార్యకి కూడా ఓల్సెన్ అని పెట్టేశారు, పాపం ఆవిడ జీవితంలో ఒక్కరోజు కూడా ఓల్సెన్ కాదు. ఇది మా ఒక్కరి చెట్టులోనే లేదు, నలుగురు కాపీ కొట్టుకున్నారు. డిజిటల్‌ఆర్కివెట్‌లో ఈ రోగం లేదు. అది ఎవర్నీ ఎవరికీ అతికించదు, కాగితం చూపించి ఊరుకుంటుంది, తేల్చుకోవాల్సింది మనమే. కొంతమందికి ఇది లోపంగా కనపడొచ్చు, నాకు మాత్రం ఈ సైటులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చర్చి రిజిస్టర్లు మాత్రం కష్టం, అది దాచను. గోథిక్ రాత, ఎన్, ఇ, యు మూడూ ఒకేలా ఉంటాయి, పాస్టరుగారి ఓపికని బట్టి సిరా మరకలు అదనం. ఇంకా వెనక్కి 1700ల్లోకి వెళ్తే తేదీ వేయడు, ట్రినిటీ పండగ తరవాత మూడో ఆదివారం అని రాస్తాడు. శ్రావణ బహుళ తదియ అని రాసిన మన తాతల జాతకాలు తేదీల్లోకి మార్చుకున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు, ఆ ఏడాది ఈస్టర్ ఎప్పుడొచ్చిందో చూసుకుంటే మిగతావి కుదురుతాయి. పందొమ్మిదో శతాబ్దంలోకి వచ్చాక గళ్ళు కొట్టిన ఫారాలు వచ్చాయి, అక్కణ్ణుంచి హాయి. బాప్తిస్మం పేజీలో సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు వదలకండి, వాళ్ళు ఎక్కువగా మేనమామలు, పిన్నులు, పక్క పొలంవాళ్ళు; ఇద్దరు ఆండర్స్ ఓల్సెన్‌లలో మనవాడు ఎవరో పట్టించేది వాళ్ళే. కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందిన పిల్లలు కాస్త పెద్దయ్యాక చర్చిలో తమ విశ్వాసాన్ని ధ్రువపరిచే కార్యక్రమం) పేజీ ఇంకా బంగారం. పద్నాలుగు పదిహేనేళ్ళప్పుడు జరిగే ఆ కార్యక్రమానికి మశూచి టీకా వేయించుకున్న రుజువు ఉండాలి, 1810 నుంచి ఆ నిబంధన. అందుకని పుట్టినతేదీ, తల్లిదండ్రులు, పొలం, టీకా తేదీ అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పాస్టరు దగ్గరో పుస్తకం, చర్చి గుమాస్తా దగ్గరో నకలు పుస్తకం ఉండేవి కాబట్టి ఒకదాంట్లో చదవలేకపోతే రెండోది వెతకండి, చాలాచోట్ల రెండూ మిగిలాయి.

పల్లెటూళ్ళలో ఇలా ఉంటే పట్నం పెద్దలు, వ్యాపారులు ముందే స్థిరమైన పేర్లకి మారిపోయారు. నాటకకర్త ఇబ్సెన్ తండ్రి ఇబ్ కాదు, క్నూడ్ ఇబ్సెన్. దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ తండ్రి పేరు యెన్స్ అముండ్సెన్. అదే నోబెల్ వచ్చిన క్నూట్ హామ్సున్ అయితే పుట్టుకతో క్నూడ్ పేడెర్సెన్, పెరిగిన హామ్సున్ద్ పొలం పేరు తరవాత తగిలించుకున్నాడు. కాబట్టి మీరు వెతికేవాళ్ళు పట్నమా పల్లెనా అన్నది ముందే కనుక్కోండి. ఒకే కుటుంబానికి ఒకే పేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లో, అప్పటికి చాలామంది తమంతట తామే మారిపోయారు. అలా ఆగిపోయినచోట ఆగిపోయిన పేర్లే ఇవాళ్టి హాన్సెన్లు, ఓల్సెన్లు. వాళ్ళలో ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం ఉండాలని లేదు.

ఒక జాగ్రత్త, ఓల్సన్ అనగానే నార్వే అనుకోకండి, స్వీడన్ కూడా కావచ్చు. నార్వే, డెన్మార్క్‌లో సెన్, స్వీడన్‌లో రెండు ఎస్‌లతో సన్, అమెరికాలో దిగాక అందరూ ఒకే గాటన కట్టబడ్డారు. స్వీడన్ అని తేలితే అక్కడి జాతీయ ఆర్కైవ్స్ సైటుకి వెళ్ళండి, 2018 నుంచి అదీ ఉచితమే, పైగా వాళ్ళ పాస్టర్లు ఇంటింటికీ మతపాఠాల పరీక్ష పెట్టి కుటుంబం మొత్తాన్ని ఒకే పేజీలో ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చారు కాబట్టి పని సగానికి సగం తగ్గుతుంది. డెన్మార్క్ వాళ్ళదీ ఉచితం. ఐస్‌లాండ్ సంగతే వేరు, అక్కడ ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, 2024లో అధ్యక్షురాలైన హల్లా టోమాస్‌డోట్టిర్ అచ్చంగా టోమాస్ కూతురే, టెలిఫోన్ డైరెక్టరీ అచ్చయినంత కాలం అది కూడా మొదటిపేర్ల వరసలోనే ఉండేది. అయితే వాళ్ళ వంశావళి సైటు ఇస్లెండింగాబోక్‌లోకి అక్కడి గుర్తింపు సంఖ్య ఉన్నవాళ్ళకే ప్రవేశం, మనలాంటి బయటివాళ్ళకి తలుపు తీయరు.

డిజిటల్‌ఆర్కివెట్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు కోశానంటే, ఇంగ్లిష్ నొక్కితే మెనూలు మాత్రమే మారతాయి, లోపలి కాగితం నార్వేజియన్‌లోనే ఉంటుంది (అది న్యాయమే), కానీ హుస్మాన్ లాంటి మాటలకి పక్కనే చిన్న వివరణ పెట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది. చాలా చర్చి పుస్తకాలకి ఇంకా పేర్లతో వెతికే వీలు లేదు, పేజీలు ఒక్కొక్కటీ తిప్పుకోవాల్సిందే. మెచ్చుకోవాల్సిన చిన్న విషయం ఒకటుంది, ప్రతి స్కాన్ పేజీకీ మారని లింకు ఇస్తారు, దొరికిన వెంటనే దాన్ని కాపీ చేసి పక్కన రాసి పెట్టుకోండి, లేకపోతే మర్నాడు అదే పేజీ కోసం మళ్ళీ మొదట్నించీ తిప్పాలి. ఫోన్‌లో మాత్రం ప్రయత్నించొద్దు, ఆ రాత పెద్ద తెరమీదే అంతంతమాత్రం. హౌగెన్ వాళ్ళకి వియ్యంకుడుగారు ఉత్తరం రాశారు, జవాబు వస్తే కింద జతచేస్తాను.