కీమో డే కేర్: నాలుగు స్టార్లు, అవీ సిస్టర్లకే

అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక 21 రోజులకోసారి, మొత్తం 4 కీమోలు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్కించారు. డాక్టరు గారు కనిపించేది ఐదు నిమిషాలు. మిగతా రోజంతా సిస్టర్లే.

డాక్సోరూబిసిన్ అనే ఎర్ర మందు చూడగానే అమ్మ బిగుసుకుపోయింది. సిస్టర్ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. సిరంజితో మెల్లగా ఎక్కిస్తూ, రక్తం వెనక్కి వస్తోందా అని మధ్యమధ్య చూసుకుంది. ఆ మందు నరం బయటికి కారితే కండ పాడైపోతుందట. "మంటగా ఉంటే మొహమాటపడకమ్మా, వెంటనే చెప్పు" అంది. "రేపటిదాకా మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు" అని ముందే చెప్పబట్టి ఆ రాత్రి మేం పరుగులు పెట్టలేదు. జ్వరం 100.4 దాటితే మాత్రం అర్ధరాత్రయినా వచ్చేయమంది. థర్మామీటర్ కొన్నాం. రెండో కీమో అయిన పదో రోజున అక్కరకొచ్చింది.

ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ పట్టీ చుట్టబోయిన కుర్రాణ్ణి ఆపింది కూడా ఆమే.

ఫిజియోథెరపిస్టు గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం నేర్పారు. ఇప్పుడు పై అరలో డబ్బా అమ్మే దించుకుంటోంది. ఆవకాయ తగ్గించమన్న డైటీషియన్ మీద ఇంకా కోపమే!

ఒక స్టారు కోత ఫార్మసీకి. బిల్లు మీద ముద్ర పడేదాకా మందు కలపరు, ఉత్త సెలైన్‌తో గంటన్నర కూర్చోబెట్టారు. సిస్టర్ రెండుసార్లు కిందికి దిగి పోట్లాడి తెచ్చింది.