పిల్లల పాస్‌పోర్ట్ పని ఏజెంటుకు అప్పజెప్పే ముందు ఇది చదవండి (వరంగల్, హనుమకొండ వాళ్లు ముఖ్యంగా)

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపే కాదు, మా వరంగల్‌లో కూడా తండ్రి గల్ఫ్‌లో, తల్లీ పిల్లలూ ఇక్కడ ఉండే ఇళ్లు చాలానే ఉన్నాయి. సెలవులు దగ్గరపడగానే పిల్లల పాస్‌పోర్టుల కోసం ఆ తల్లులు ఒంటరిగా తిరుగుతుంటారు. మా ఇంట్లో జరిగింది వాళ్లకు జరగకూడదని రాస్తున్నాను.

మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. మరదలు పాపతో, బాబుతో హనుమకొండలో ఉంటుంది. పాపకు ఆరేళ్లు, బాబుకు ఇంకా రెండేళ్లు నిండలేదు. మరదలు బస్టాండు దగ్గర ఉన్న ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లింది. బోర్డు మీద భారత చిహ్నం, పక్కన పాస్‌పోర్ట్ బొమ్మ. చూసినవాళ్లెవరైనా ప్రభుత్వ ఆఫీసే అనుకుంటారు. అక్కడి ఏజెంటు ఒక్కొక్కరికి 4,500 రూపాయలు అడిగాడు. "గవర్నమెంట్ ఫీజే మూడున్నర వేలమ్మా, నాకు మిగిలేది వెయ్యే" అన్నాడట.

అది పచ్చి అబద్ధం. 18 ఏళ్లలోపు పిల్లలకు మామూలు 36 పేజీల పాస్‌పోర్ట్ ఫీజు 1,000 రూపాయలు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్ట్ మీద పది శాతం తగ్గింపు ఉంది, అంటే 900. ఇద్దరికీ కలిపి 1,800 అయ్యేదానికి వాడు తొమ్మిది వేలు తీసుకున్నాడు. తత్కాల్ అయినా మనిషికి ఇంకో 2,000 మాత్రమే ఎక్కువ. ఇక్కడ అది తత్కాల్ కూడా కాదు.

డబ్బు పోతే పోయింది. వాడు కాగితాల్లో రాసిన దాన్ని మాత్రం క్షమించలేను.

పిల్లల పాస్‌పోర్ట్‌కు తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టే డిక్లరేషన్ ఒకటుంటుంది, అనెగ్జర్-డి అంటారు. ఒకరి సమ్మతి దొరకని పరిస్థితిలో, అంటే విడిపోయినప్పుడో, వదిలేసి వెళ్లినప్పుడో, ఇచ్చేది అనెగ్జర్-సి. తండ్రి విదేశంలో ఉండి సమ్మతిస్తే దానికి వేరే దారి ఉంది: ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడ తల్లి అనెగ్జర్-డి ఇవ్వాలి. ఇదంతా వాడికి తెలియక కాదు. కాన్సులేట్ పని అంటే ఆలస్యమవుతుంది, గిరాకీ చేజారిపోతుంది. అందుకని అనెగ్జర్-సి టైప్ చేసి, కారణం దగ్గర భర్త కుటుంబాన్ని వదిలేశాడని ఇంగ్లిష్‌లో రాసి, మరదలితో సంతకం పెట్టించాడు. "ఇదేంటన్నా?" అని అడిగితే "గట్లనే ఉంటదమ్మా, అందరికీ గిదే ఫారం" అన్నాడట.

వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ కేంద్రంలో కౌంటర్ దగ్గరి అధికారి ఆ కాగితం చదివి, "మీ ఆయన మిమ్మల్ని వదిలేశాడా అమ్మా?" అని అడిగారు. వెనకాల లైన్లో జనం. చంకలో బాబు. మరదలికి ముందు అర్థమే కాలేదు, అర్థమయ్యాక కళ్ల నీళ్లు ఆగలేదు. రోజూ రాత్రి వీడియో కాల్లో పిల్లలకు అన్నం తినిపించేదాకా ఫోన్ పెట్టెయ్యని మనిషి గురించి ఆ మాట! పక్కనే నిలబడ్డ నాకే గొంతు పట్టేసింది. అధికారి మంచివారు. ఫైలు హోల్డ్‌లో పెట్టి, సరైన కాగితాలు తెమ్మని చెప్పి పంపారు. పాస్‌పోర్ట్ కోసం తప్పుడు సమాచారం ఇవ్వడం 1967 పాస్‌పోర్ట్ చట్టం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. సంతకం పెట్టింది మరదలు కాబట్టి కేసైతే ఆమె మీదే అయ్యేది. ఏజెంటు పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఇంకోటి. పాస్‌పోర్ట్ వెబ్‌సైట్‌లో లాగిన్ వాడి మెయిల్‌తో, వాడి ఫోన్ నంబరుతో తెరిచాడు. మెసేజ్‌లన్నీ వాడికే పోతాయి. పాస్‌వర్డ్ అడిగితే "ఇంకో రెండు వేలిస్తే నేనే సరిచేస్తా" అన్నాడు. ఫైలు నంబరు, పిల్లల పుట్టిన తేదీ ఉంటే లాగిన్ లేకుండానే వెబ్‌సైట్‌లో స్టేటస్ కనిపిస్తుంది. ఆ నంబరు రసీదు మీద ఉంది కాబట్టి బతికిపోయాం. తమ్ముడు దుబాయ్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాక పని కదిలింది.

సొంతంగా అప్లై చేయడం కష్టమేమీ కాదు. సైటు పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. అదే పేరును పోలిన నకిలీ సైట్లు బోలెడున్నాయి. ఎంపాస్‌పోర్ట్ సేవ యాప్ కూడా ఉంది. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ చెల్లదు. అందులో పిల్లల పేరు ఎక్కిందా, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ మీ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉందా అన్నది ముందే సరిచూసుకోండి. నాలుగేళ్లలోపు పిల్లలకైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో మీరే తీసుకెళ్లాలి. అనెగ్జర్లు తెల్లకాగితం మీద ఇస్తే చాలు, ఇక్కడి సంతకాలకు నోటరీ అక్కర్లేదు. నోటరీ పేరు చెప్పి ఐదు వందలు అడిగితే ఇవ్వకండి.

ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లకు యూఏఈ 2022 నవంబర్ నుంచి అభ్యంతరం చెబుతోంది. మా బాబు ఫారంలో ఏజెంటు ఆ గడి కూడా నింపలేదు.

ఇప్పటికే ఇలాంటి సెంటర్‌లో ఫైలు ఇచ్చినవాళ్లుంటే, అప్లికేషన్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో ఈరోజే చూడండి, మీరు సంతకం పెట్టిన ప్రతి కాగితం కాపీ అడిగి తీసుకోండి. ఇంగ్లిష్ రాకపోతే చదివించుకోండి. తేడా కనిపిస్తే అపాయింట్‌మెంట్‌కు ముందే 1800-258-1800కు ఫోన్ చేసి అడగండి, అది టోల్‌ఫ్రీ.