టెట్ సైకాలజీ ఆన్‌లైన్ కోర్సు - నాలుగు నెలలు పూర్తిగా చూశాక నా రివ్యూ

సంస్థ పేరు రాయట్లేదండి, తప్పులు కూడా చెప్తున్నా కాబట్టి వాళ్ళని బద్నాం చేసినట్టు అవుద్ది. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ వన్ వాళ్ళకి సైకాలజీ ఒక్కటే విడిగా అమ్మే తెలుగు మీడియం వీడియో కోర్సు ఇది, 1,299 రూపాయలు, సంవత్సరం వ్యాలిడిటీ, 46 క్లాసులు, యాప్‌లో తప్ప ఇంకెక్కడా ఓపెన్ కాదు. నేను ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతికి చెప్తా, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తయ్య, కాబట్టి రాత్రి వంటగది సర్దుకున్నాక వీలైన రోజు ఒక్కో క్లాసు చొప్పున చూశా. 150 మార్కుల్లో ఈ సబ్జెక్టుకి 30 ఉన్నాయి, పోయినసారి నాకు తగ్గింది ఇక్కడే, అందుకే కొన్నా.

పిల్లల ఆలోచన దశలవారీగా ఎలా ఎదుగుతుందో చెప్పిన సైకాలజిస్టు పియాజే క్లాసులు మాత్రం చాలా బాగున్నాయి, ఐదు క్లాసులు దీనికే ఇచ్చారు. ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ అని బోర్డు మీద రాసి వయసులు బట్టీ పట్టమని వదిలేయలేదు క్లాసు చెప్పే సార్. పియాజే పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పనిచేసేటప్పుడు కరెక్ట్ ఆన్సర్ల కంటే తప్పు ఆన్సర్లే ఆయన్ని ఎక్కువ ఆలోచింపజేశాయంట, ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పు చేస్తున్నారు అంటే వాళ్ళ ఆలోచనే వేరే రకంగా నడుస్తోంది అని, అక్కణ్ణుంచి మొదలుపెట్టి తన ముగ్గురు పిల్లల్ని పసితనం నుంచి గమనించి నోట్ చేసుకున్న దాకా కథలాగా చెప్పారు. అది విన్నాక ఆగలేక తెల్లారే ఇంట్లో చేసి చూశా. రెండు ఒకే సైజు స్టీలు గ్లాసుల్లో మజ్జిగ సమానంగా పోసి, ఒకదాంట్లోది సన్నగా పొడుగ్గా ఉండే గాజు గ్లాసులోకి వంచా. మా చిన్నోడికి ఐదేళ్ళు, "పొడుగు దాంట్లోనే ఎక్కువుంది, అది నాకే" అన్నాడు. పెద్దదానికి తొమ్మిది, "అదే మజ్జిగ కదమ్మా, మళ్ళీ స్టీలు దాంట్లో పోస్తే సమానమే" అంది. పదిలపరచుకునే భావన (ఆకారం మారినా పరిమాణం మారదని తెలియడం), విపర్యయాత్మకత (చేసినదాన్ని మనసులో వెనక్కి తిప్పి చూడగలగడం) అని పుస్తకంలో రెండేళ్ళుగా చదువుతున్న మాటలు రెండూ ఆ ఒక్క నిమిషంలో అర్థమైపోయాయి నాకు. అప్పట్నుంచి మా క్లాసులో తీసివేతలు చింతగింజలతో చేయిస్తున్నా, పలక మీద అంకెలు తర్వాత, ముందు చేతిలో గింజలు, అప్పు తెచ్చుకునే లెక్క దగ్గర తడబడే పిల్లలు ఇప్పుడు కాస్త ధైర్యంగా చేస్తున్నారు.

అయితే ఇక్కడే ఒక లోటు ఉంది. 2 నుంచి 7, 7 నుంచి 11 అని వయసుల్ని గీత గీసినట్టు చెప్పేశారు, పరీక్షకి అదే కావాలి నిజమే, కానీ దాని మీద తర్వాత వచ్చిన విమర్శల గురించి ఒక్క మాట లేదు. 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది, రెండు వరసల్లో వస్తువులు సమానంగా పేర్చి, ఒక వరసని పెద్దవాళ్ళు కాకుండా అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే, అదే వయసు పిల్లల్లో చాలా ఎక్కువ మంది సమానమే అని సరిగ్గా చెప్పారు. అంటే టీచరే కావాలని మార్చి మళ్ళీ అదే ప్రశ్న అడిగితే పిల్లాడు వేరే ఆన్సర్ చెప్పాలేమో అనుకుంటాడు. రోజూ క్లాసులో ఒకే ప్రశ్న రెండోసారి అడిగే మనకి ఇది తెలియాలి కదండి.

వైగాట్‌స్కీ రెండు క్లాసులు, పర్లేదు. పియాజే పుట్టిన 1896లోనే పుట్టి 37 ఏళ్ళకే క్షయతో పోయాడని, సామీప్య వికాస మండలం అంటే పిల్లాడు ఒక్కడే చేయగలిగినదానికీ పక్కన ఒకరు సాయముంటే చేయగలిగినదానికీ మధ్య ఉన్న జాగా అని బాగా చెప్పారు. మంచి చెడుల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన కోల్‌బర్గ్‌లో హైన్జ్ కథ సార్ గొంతులో వింటే మర్చిపోరు, మందుల షాపాయన 200 డాలర్ల ఖర్చుతో చేసిన మందుకి 2,000 అడుగుతున్నాడు, హైన్జ్‌కి ఎంత తిరిగినా 1,000 మించి పుట్టలేదు, భార్య చావు బతుకుల్లో ఉంది, దొంగతనం చేయాలా వద్దా, పైగా చేయాలా వద్దా అన్నదాన్ని బట్టి కాదు ఎందుకు అనే కారణాన్ని బట్టే స్థాయి తేలుతుందని గట్టిగా చెప్పారు, చాలా మంది తికమకపడేది అక్కడే. కానీ కోల్‌బర్గ్ మొదట తీసుకున్న 72 మందీ మగపిల్లలే అన్న సంగతి, 1982లో కరోల్ గిల్లిగన్ అనే సైకాలజిస్టు దాన్ని పట్టుకుని ఆడవాళ్ళ ఆలోచనని ఇది సరిగ్గా కొలుస్తుందా అని అడిగిన ప్రశ్న, ఒక్క లైన్‌లో దాటేశారు. క్లాసులు చూసేవాళ్ళలో ఆడవాళ్ళు ఇంతమందిమి ఉన్నాం, ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండేది.

అసలు నాకు బాధ కలిగింది ఎరిక్‌సన్ క్లాసు దగ్గర. ఎనిమిది దశలు ఒక్క క్లాసులో, 38 నిమిషాల్లో. నమ్మకం - అపనమ్మకం నుంచి కౌమారంలో పాత్ర గుర్తింపు దాకా ఉదాహరణలతో చక్కగా నడిపి, ఆ తర్వాత మూడు దశలూ, అంటే సన్నిహితత్వం, ఉత్పాదకత, సమగ్రత, నాలుగు నిమిషాల్లో "ఇవి బిట్లు తక్కువ వస్తాయమ్మా" అని చదివేశారు. అందరూ వికాసం బాల్యం గురించే చెప్తుంటే పుట్టుక నుంచి చివరి దాకా అని పట్టుబట్టింది ఎరిక్‌సన్ కదా, ఆయన్నే 18 ఏళ్ళ దగ్గర ఆపేస్తే ఎలా. పైగా మన దేశంతో ఆయనకి ఉన్న లింకు మధ్యవయసులో వచ్చే ఆ ఉత్పాదకత దశ దగ్గరే ఉంది. 1962లో జీవన చక్రం మీద సెమినార్ కోసం అహ్మదాబాద్ వచ్చి, అక్కడి 1918 మిల్లు కార్మికుల సమ్మె గురించి తెలుసుకుని, ఆ సమ్మె నడిపిన, అప్పటికి 48 ఏళ్ళున్న గాంధీ గారి మీద పుస్తకం రాశారు, 1969లో వచ్చింది, పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. తర్వాతి తరం కోసం ఏదైనా నిలబెట్టాలనే తపనకి ఇంతకంటే మనకి తెలిసిన ఉదాహరణ ఏముంటుంది, ఒక్క ఐదు నిమిషాలు చెప్పి ఉంటే ఆ దశ జన్మలో మర్చిపోం.

ఇంకో విషయం, ఇది కొన్నవాళ్ళు తప్పకుండా చూడండి. డౌన్‌లోడ్స్‌లో అన్నిటికంటే అడుగున "అదనపు సమాచారం" అని ఆరు పేజీల పీడీఎఫ్ ఉంది, ఏ వీడియోలోనూ దాని ప్రస్తావన లేదు. పాల్ బాల్టెస్ అనే జర్మన్ సైకాలజిస్టు గురించి. వికాసం ఏ వయసులోనూ ఆగదు, ప్రతి వయసులోనూ కొంత వస్తుంది కొంత పోతుంది, వయసు పెరిగాక మనిషి కొన్ని పనులే ఎంచుకుంటాడు, వాటినే బాగా సాధన చేస్తాడు, పోయినదాన్ని వేరే దారిలో భర్తీ చేసుకుంటాడు అని ఆయనా, ఆయన భార్య మార్గరెట్ కలిసి 1990లో చెప్పారు. రూబిన్‌స్టైన్ అనే పియానో విద్వాంసుడు పెద్ద వయసులో తక్కువ పాటలు ఎంచుకుని, వాటినే ఎక్కువ సాధన చేసి, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కొంచెం నెమ్మదించి ఆ తర్వాతది వేగంగా అనిపించేలా చేసేవాడంట.

అది చదువుతుంటే పక్క గదిలో మా అత్తయ్య మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆవిడకి 68. ముప్పై ఏళ్ళు ఊరంతటికీ అన్నీ కుట్టారు, రెండేళ్ళ నుంచి జాకెట్లు తప్ప తీసుకోవట్లేదు, సుద్ద గీత ముందుకంటే లావుగా గీస్తున్నారు, చేతికుట్లు ఎదురింటి అమ్మాయికి నేర్పించి దానికే ఇస్తున్నారు. చూపు తగ్గింది, ఇంక మానేస్తే మంచిదని మేమే అంటూ వచ్చాం. పొద్దున్నే "అత్తయ్యా, మీరు చేస్తున్న పని గురించి పుస్తకాల్లో రాశారు" అని చదివి వినిపిస్తే, కాసేపు విని, "జాకెట్ చాలే, గౌన్లు నా వల్ల కావు అని నేనే అనుకున్నానమ్మా, ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ రోజు నుంచి మానేయమనే మాట ఎత్తట్లేదు, మిషన్ దగ్గర ఎల్ఈడీ బల్బు పెట్టించాం.

యాప్ సంగతి: నెట్ లేకపోతే వీడియో రాదు, 20 నుంచి 24 దాకా క్లాసుల్లో సౌండ్ బాగా తక్కువ, ఇయర్‌ఫోన్స్ ఉంటేనే. బిట్లు 1,200 పైనే ఉన్నాయి, చాలా వరకు కరెక్టే. డౌట్లకి గ్రూపులో రెండు రోజుల్లో రిప్లై వస్తుంది.

టెట్ ఒక్కటే టార్గెట్ అయితే కళ్ళు మూసుకుని తీస్కోండి, 5కి 4 ఇస్తా. బీఈడీ సైకాలజీ కోసమో, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అర్థం చేసుకోవడానికో అయితే 3, ఎరిక్‌సన్ చివరి మూడు దశలు మీరే విడిగా చదువుకోవాలి. మూడో మాడ్యూల్ టెస్టులో 14వ ప్రశ్న కీ కూడా చూస్కోండి, స్కఫోల్డింగ్ (పిల్లాడికి నేర్చుకునేదాకా సాయమిచ్చి మెల్లగా తగ్గించడం) అనే పదం మొదట వాడింది వైగాట్‌స్కీ అని ఇచ్చారు, భావన ఆయన ఆలోచనకి దగ్గరే గానీ పిల్లల చదువు విషయంలో ఆ పదం తెచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్. వైగాట్‌స్కీ 1934లోనే పోయారు. గ్రూపులో పెట్టా, సార్ చూస్తా అన్నారు, మారిస్తే ఇక్కడే అప్‌డేట్ రాస్తా.